గీత చివరి చుక్క

రాజమ్మ తలుపు తీయలేదు.

గడియ పెట్టుకుని అరగంట దాటింది. పదకొండు గంటలకల్లా ఎల్‌బీ నగర్ దవాఖానలో ఉండాలి. ఎడమ రొమ్ము తీసేశాక ఇరవై ఐదు సార్లు కరెంటు, అదే రేడియేషన్, పెట్టాలన్నారు. ఇరవై ఒకటి అయ్యాయి. ఇంకా నాలుగు.

"అత్తమ్మా, ఎనిమిదిన్నరయింది," అంది ప్రసన్న తలుపుకు నోరు ఆనించి.

"నేను రాను."

"నాలుగు రోజులే గద."

"నీకు నాలుగు రోజులు. నాకు నాలుగు నిమిషాలు గూడ ఎక్కువే. ఆ బల్ల మీద నేను పండ."

ప్రసన్న వెనక్కి తిరిగి చూసింది. వరండాలో మామ చక్రపాణి గ్రాఫ్ కాగితం ముందేసుకుని కూర్చున్నాడు. పోచంపల్లి మగ్గం వదిలి గడ్డిఅన్నారం గల్లీకి వచ్చి పన్నెండేళ్లయినా, చీరల డిజైనుకు మార్కింగు పెట్టాలంటే దుకాణాల వాళ్లు ఇప్పటికీ ఆయన గుమ్మమే తొక్కుతారు. చేతిలో పెన్సిలుంది. కాగితం తెల్లగా ఉంది.

"మామా, జర నువ్వన్న చెప్పరాదూ."

చక్రపాణి తలెత్తలేదు. "నా మాట ఎన్నడిన్నది," అన్నాడు.

భార్య అరగంటగా గదిలో గడియ పెట్టుకుంటే మనిషన్నవాడు తలుపైనా తట్టడా? నాలుగు రోజులుగా ఇదే వరస. మామ రాజమ్మ కళ్లలోకి చూడటం లేదు. ప్రసన్న కళ్లలోకి అసలే చూడటం లేదు.

భర్త కృష్ణ ఉంటే ఈ బాధ తనకుండేది కాదు. సరుకు కోసం సూరత్ పోయినవాడు, ఇక్కడ ప్రత్యేక రాష్ట్రం కోసం జరిగే సమ్మె తేలేదాకా దుకాణం తెరిచేది లేదు కదా అని అక్కడే ఆగిపోయాడు. రోజూ ఫోన్ చేసి "అమ్మ ఎట్లున్నది" అంటాడు. "మంచిగనే ఉన్నది" అని చెప్పడం కూడా ప్రసన్నకు ఒక పనైపోయింది.

వాకిట్లో ఆటో ఆగిన చప్పుడైంది. రాజమ్మ తమ్ముడు భిక్షపతి దిగాడు. దిల్‌సుఖ్‌నగర్ డిపోలో కండక్టరు. మూడు వారాలుగా సమ్మెలో ఉన్నాడు. తెచ్చింది మామూలు ఆటో కాదు, పండ్ల మార్కెట్లో బత్తాయిలు మోసే ట్రాలీ. వెనకాల పరుపు వేయించుకొచ్చాడు.

"చూడు కోడలా," అన్నాడు చెమట తుడుచుకుంటూ, "పద్దెనిమిదేండ్లు ఊరందరికీ టికెట్లు కొట్టిన. ఇయ్యాల సొంత అక్కను బత్తాయిల లెక్క తోల్కపోవాల్సొచ్చె. ఏది, తయారైందా?"

"తలుపు తీస్తలేదు చిన్నమామా."

భిక్షపతి చెప్పులు విడిచి తలుపు దగ్గరికి పోయాడు. "అక్కా, ట్రాలీకి కిరాయి ఇయ్యలే, బతిమిలాడి తెచ్చిన. పది దాటితే బత్తాయిలు ఎక్కుతయ్, నీకు జాగుండది."



"తమ్మీ, నువ్వాడనే ఉండు. ప్రసన్న ఒక్కతే రావాలె."

గడియ తీసిన చప్పుడైంది.

---

రాజమ్మ మంచం మీద కూర్చుని ఉంది. కొంగు జారిపోయింది. ఎడమ చెయ్యి పక్కకు ఆనించలేక, రెక్క విరిగిన కోడిలా దూరంగా పట్టుకుంది. చంకలో చర్మం తడితడిగా ఊడి, లోపలి ఎరుపు కనిపిస్తోంది. అది ప్రసన్నకు తెలిసిందే. పదో సిట్టింగు నుంచే మొదలైంది. "కరెంటు జబ్బునే కాదు, దారిలో ఉన్న మంచి చర్మాన్ని కూడా కొంత కాలుస్తుంది. అయిపోయాక నెలలో మానిపోతుంది. నూనెలు, పసుపులు పూయకండి," అని డాక్టరు ముందే చెప్పాడు.

"గిది జూడు," అంది రాజమ్మ.

వేలు పెట్టింది ఎడమ వైపు కాదు. రొమ్ము ఎముక దాటి, కుడి వైపు. అక్కడ నిలువుగా ఒక ఎర్రటి పట్టీ. అరచేయంత పొడుగు, చిటికెన వేలంత వెడల్పు.

"రోగమున్న కాడ కాలవెడితే పడ్డ. కోసినకాడ కాలవెడితే పడ్డ. గీడ నాకే రోగమున్నది? ఉన్న ఒక్క దిక్కు గూడ కాల్చి చేతిలో పెడుతరా?"

ప్రసన్న వంగి చూసింది. దవాఖాన వాళ్లు ఒంటి మీద వంగపండు రంగు సిరాతో మూడు గీతలు గీశారు. నడుమ ఒకటి, పక్కల రెండు. రోజూ ఆ గీతల మీదికి మిషన్ వెలుగు సరిగ్గా పడేలా పడుకోబెట్టి, అప్పుడు కరెంటు పెడతారు. గీతలు చెరగకూడదని మొదటి రోజే చెప్పి, ఒళ్లు తడి గుడ్డతో తుడుచుకోవడమే తప్ప స్నానం కూడా వద్దన్నారు.

గీతలు ఉన్నాయి. రంగు అదే. మందం అదే.

కానీ నడిమి గీత పైకొసన ఒక చుక్క ఉంది. కందిగింజలో సగం కూడా ఉండదు. ప్రసన్న చూపు కిందికొసకు పోయింది. అక్కడా ఒక చుక్క. పక్క గీతలకూ అంతే, రెండు కొసలకూ రెండు.

ఆమె చుక్కలు లెక్కపెట్టింది. ఆరు.

ప్రసన్న పుట్టిల్లూ పోచంపల్లే. సాగదీసిన పట్టు నూలు మీద గీతలు పెట్టే మగవాళ్లను చూస్తూ పెరిగింది. ఎక్కడ గీత ఉంటే అక్కడ రబ్బరు కడతారు. కట్టినచోట రంగు ఎక్కదు. చేతులు తగిలి గీత అలికిపోతే డిజైనంతా పోతుంది. అందుకని ఒక్క మనిషి మాత్రం ప్రతి గీతకూ రెండు కొసలా చుక్క పెట్టేవాడు. గీత పోయినా చుక్క మిగలాలని. ఊరంతా నవ్వేది. "చక్రపాణి గీత చావదు" అనేది.

"ఏంది బిడ్డా అట్ల జూస్తున్నవ్?"

"ఏం లేదత్తమ్మా. చీర కట్టుకో. నేనిప్పుడే వస్త."

---

వరండాలో భిక్షపతి గొంతు లేచింది. తలుపు సందులోంచి అక్క మాటలు అతని చెవిన పడనే పడ్డాయి.

"రోజూ పండవెట్టేదెవరు బావా? ఆ గుంటూరు మేడమేనా?"

"ఆఁ. సూర్యప్రభనో ఏందో."

"ఆమె సక్కగనే పెడుతదా?"

చక్రపాణి పెన్సిలు కింద పెట్టాడు. మళ్లీ తీశాడు.

"జర పరాకు మనిషే," అన్నాడు.

గడప మీద ప్రసన్న నిలబడిపోయింది. మామ నోట అబద్ధం వినడం పెళ్లయిన తొమ్మిదేళ్లలో ఇదే మొదటిసారి. అంత తేలిగ్గా వస్తుందని అనుకోలేదు.

"అనుకున్న. నేను గదే అనుకున్న." భిక్షపతి అప్పటికే ఫోన్ తీశాడు. "జంగయ్యన్నా, రింగురోడ్డు కాడ మనోళ్లు ఎంతమందున్నరు? వంటావార్పు కాడనా? ఓ ఇరవై మందిని పట్టుకొని దవాఖాన గేటు కాడికి రావాలె. పదకొండుకు. మా అక్క మంచి దిక్కున కరెంటు పెట్టి కాల్చిన్రు. పెట్టినామె ఎవరో ఏ ఊరో వచ్చినంక చెప్త."

"చిన్నమామా, ఆగు. ముందుగాల డాక్టర్‌ను అడుగుదం," అంది ప్రసన్న.

"అడుగుదాం బిడ్డా. అందరం కలిసే అడుగుదాం. ఒక్కళ్లడిగితే కాయితం చూపిస్తరు. ఇరవై మంది అడిగితే మనిషిని చూపిస్తరు." అతను పరుపు సర్దడానికి ట్రాలీ దగ్గరికి పోయాడు.

ప్రసన్న మామ ఎదురుగా కూర్చుంది. గ్రాఫ్ కాగితం తనవైపు లాక్కుని, పెన్సిలు తీసుకుని ఒక గీత గీసింది. రెండు కొసలా రెండు చుక్కలు పెట్టింది. కాగితం ఆయన ముందుకు తోసింది.

చక్రపాణి ఆ గీతను చాలాసేపు చూశాడు.

"ఎన్నడు గీసినవ్ మామా?"

చక్రపాణి కాగితం మడవబోయాడు.

"నేను అత్తమ్మ ఒంటి మీద చూసొచ్చిన. రంగు మంచిగ కలిపినవ్. చుక్కలు లేకుంటె నేను గూడ గుర్తుపట్టకపోయేదాన్ని."

"పన్నెండో సిట్టింగు నాడు," అన్నాడు చివరికి. "బస్సులు బందైన కొత్తల. కొత్తపేట కాడినుంచి ఎండకు నడిచొచ్చినం. ఇంటికొచ్చి చూస్తే చెమటకు గీతలు కారిపోయినయ్. గీతలు పోతే మళ్ల మొదలుకెల్లి కొలవాలె, మూడు రోజులు ఆపుతం అన్నరు గద. నడుమ ఆపితే రోగం మళ్ల తలెత్తుతదన్నరు గద. నలభై ఏండ్లు గీతలు గీసి బతికినోన్ని. మూడు గీతలు గీయలేనా అనుకున్న."

"ఉన్నకాడనే గీసినవా?"

గల్లీలో ఎవరో బిందె దించిన చప్పుడు.

"మామా, ఉన్నకాడనే గీసినవా?"

"సంకల తోలు కందుడు మొదలైంది బిడ్డా. ఆమె రాత్రంతా చెయ్యి ఎత్తి పట్టుకొని పండుతున్నది. గీత అంటే ఏంది? ఇక్కడిదాకనే రంగు ఎక్కాలె అని. గీత జర ఇటు జరిపితే సంక మిగులుతదనుకున్న. చిటికెన వేలు మందం. అంతకంటె ఒక నూలుపోగు ఎక్కువ గాదు."

"ఒక్క గీతనే జరిపినవా?"

"ఒక్కటి జరిపితే డిజైను చెడదా? వాళ్లకు తెల్వదా? మూడూ జరిపిన."

ప్రసన్నకు ఒక్కసారిగా అంతా అర్థమైంది. మామకు గీత అంటే హద్దు. దవాఖాన వాళ్లకు గీత అంటే గురి. హద్దు జరిపితే అవతల ఉన్నది మిగులుతుంది. గురి జరిపితే నిప్పు మొత్తంగా పక్కకు నడుస్తుంది. చంక దగ్గర తగ్గిన వేలెడు, రొమ్ము ఎముక అవతల తేలింది.

"మామా, ఆ గుంటూరామె ఏం జేసింది పాపం? నువ్వు గీసిన గీత మీదనే పెట్టింది. చిన్నమామ ఇరవై మందిని పిలిచిండు."

"చెప్పకు బిడ్డా." చక్రపాణి రెండు చేతులూ ఆమె ముందు పెట్టాడు. గోళ్ల సందుల్లో ఇంకా రంగుంది. "చెప్తె ఆపేస్తరు. నాలుగే ఉన్నయ్. అవి గూడ అయిపోనీ. అటెనుక నేనే చెప్త."

"ఇంకో నాలుగుసార్లు అక్కడనే కాలవెట్టిపిస్తవా?"

ఆ మాట ప్రసన్న అనలేదు.

గదిగుమ్మంలో రాజమ్మ నిలబడి ఉంది. చీర కట్టుకుంది, కుచ్చిళ్లు దోపలేదు. ఎప్పటినుంచి వింటోందో.

చక్రపాణి లేవబోయి మళ్లీ కూలబడ్డాడు.

"నువ్వు గీసినవని నాకెర్కనే," అంది రాజమ్మ. "నేనే గద టార్చిలైటు పట్టుకున్నది. జరిపినవని తెల్వది."

ఆమె కోడలి వైపు తిరిగింది.

"నాకు ఆపరేషనైనంక ఈ మనిషి నా దిక్కు చూసుడే బందు పెట్టిండు బిడ్డా. అన్నం పెడుతుంటే కంచం దిక్కు చూసుడు. బట్ట మార్చుకుంటుంటే గోడ దిక్కు చూసుడు. ఆ పొద్దు ఇంట్ల కరెంటు లేదు. ఒక గంటసేపు దగ్గర కూర్చొని, కోసిన కాడ చెయ్యి పెట్టి, చూసుకుంట గీసిండు. గీతలు వంకర పోతయో చక్కగ పోతయో నేను చూడనే లేదు."

బయట ట్రాలీవాడు హారన్ కొట్టాడు.

రాజమ్మ కుచ్చిళ్లు దోపుకుంది. "పా, పోదం," అంది.

---

ట్రాలీ దిల్‌సుఖ్‌నగర్ దాటింది. రాజమ్మ పరుపు మీద చెయ్యి ఎడంగా పెట్టుకుని కూర్చుంది. చక్రపాణి ట్రాలీ అంచు పట్టుకుని రోడ్డు వైపు చూస్తున్నాడు. కొత్తపేటలో రోడ్డు మధ్యన పొయ్యిలు పెట్టి పెద్ద గంజుల్లో అన్నం వండుతున్నారు. డప్పులు, జెండాలు. భిక్షపతి లేచి నిలబడి "దవాఖాన మనిషి, దవాఖాన మనిషి" అంటే జనం రెండుగా చీలి దారిచ్చారు. ఒక ముసలామె రాజమ్మ ఒళ్లో నాలుగు బంతిపూలు వేసింది.

ఎల్‌బీ నగర్ చౌరస్తాలో భిక్షపతి దిగిపోయాడు. "మీరు పోన్రి. నేను మనోళ్లతోటి ఒస్త."

"మామా, ఇప్పుడన్న చెప్పు చిన్నమామకు," అంది ప్రసన్న మెల్లగా.

చక్రపాణి పెదవులు కదిలాయి. భిక్షపతి అప్పటికే గుంపులో కలిసిపోయాడు.

దవాఖానలో జనరేటరు మోగుతోంది. సూర్యప్రభ తెల్లకోటు చేతులు మడిచి పేరు పిలిచింది. నలభై ఏళ్లుంటాయి. కళ్ల కింద నల్లటి చారలు.

"రండమ్మా రాజమ్మగారూ. ఆలస్యమైపోయింది, మళ్లీ కరెంటు పోయేలోగా కానిచ్చేద్దాం. ఏవిటీ, ఇవాళ పూలు కూడా తెచ్చారా?"

"తోవల ఇచ్చిన్రు మేడం."

"బావుంది. మా ఇంట్లో అయితే తిట్లు తప్ప ఏమీ ఇవ్వట్లేదు. మా ఆయన ఊరెళ్లిపోదాం పదమంటాడు. ఈవిడకి నాలుగు, ఆవిడకి పది మిగిలున్నాయి, ఎలా వెళ్లేదని నేను."

రాజమ్మ లోపలికి పోయింది. ఆ గదికి అడుగు మందం తలుపు. బయట గోడ మీద ఎర్రలైటు. అది వెలిగిందంటే లోపల రోగి తప్ప ఇంకెవరూ ఉండకూడదు. ప్రసన్న, చక్రపాణి ముందుగదిలో బల్ల మీద కూర్చున్నారు.

ఒక నిమిషం. రెండు నిమిషాలు. లోపల ఇప్పుడు ఆమెను పడుకోబెట్టి ఉంటారు. ఆ గీతల మీదికి వెలుగు తెచ్చి ఉంటారు.

"మామా, నువ్వు చెప్తవా, నేను చెప్పాల్నా?"

చక్రపాణి నేల చూస్తున్నాడు. సూర్యప్రభ బయటికొచ్చి తలుపు మూయబోయింది. ఆ తలుపు నిదానంగా, బరువుగా కదిలింది. ప్రసన్న లేచింది.

అంతకంటే ముందే చక్రపాణి లేచాడు. మూసుకుంటున్న తలుపు సందులో అరచెయ్యి పెట్టేశాడు.

"ఏంటండీ ఇది, చెయ్యి నలిగిపోతుంది," అంది సూర్యప్రభ కంగారుగా తలుపు ఆపి.

"మేడం," అన్నాడు చక్రపాణి. "ఆ గీతలు మీవి గావు. నావి."

---

లోపల బల్ల మీద పడుకున్న రాజమ్మ ఒంటి మీది గీతలను సూర్యప్రభ స్కేలుతో మూడుసార్లు కొలిచింది. ఫైలు తెరిచింది. మొదటి రోజు రాసుకున్న కొలతలు చూసింది. నాలుగోసారి కొలిచింది.

డాక్టరు మల్లికార్జునరావు వచ్చాడు. అరవలేదు. అరిస్తే బాగుండునని చక్రపాణికి అనిపించే ఉంటుంది.

"ఎన్ని సిట్టింగులు?"

"తొమ్మిది సార్," అంది సూర్యప్రభ.

"ఎంత జరిగింది?"

సూర్యప్రభ చెప్పబోతుంటే చక్రపాణి తన చిటికెన వేలు చాపి చూపించాడు. డాక్టరు ఆ వేలిని స్కేలు పక్కన పెట్టి చూశాడు. పన్నెండు మిల్లీమీటర్లు.

"ఈ ఎర్రపట్టీ నాకు భయం కాదమ్మా," అన్నాడు రాజమ్మతో. "ఇది చర్మం, మానిపోతుంది. చంక వైపు అంచుకి తొమ్మిది రోజులు కరెంటు సరిగా అందలేదు, అది ఒక బెంగ. రెండోది, ఎడమ పక్క కదా. గీత లోపలికి జరిగితే గుండె అంచు దారిలోకి వస్తుంది. చర్మం ఇవాళే చెప్పేస్తుంది. గుండె అలా కాదు, పదేళ్లాగి చెబుతుంది."

"తగిలిందా సార్?" అన్నాడు చక్రపాణి.

"ఇప్పుడు చెప్పలేను. స్కాన్ తీసి లెక్క కట్టాలి. అప్పటిదాకా మిషన్ ఆపేద్దాం." ఆయన సూర్యప్రభ వైపు తిరిగాడు. "గురి సరిగా ఉందో లేదో చూడటానికి వారానికోసారి చెక్ ఫిల్మ్ తీస్తాం కదా. ఈ రెండు వారాలవీ నా రూముకి పంపించండి. మరి వాటిలో ఎందుకు కనబడలేదు?"

"చూస్తాను సార్."

ఆయన స్కాన్ గదికి ఫోన్ చేయడానికి వెళ్లాడు. సూర్యప్రభ కదల్లేదు. ఆమె అరచెయ్యి రిజిస్టరు మీద పరుచుకుని ఉంది. వేళ్ల సందుల్లోంచి ప్రసన్నకు రెండు టిక్కులు, రెండు సంతకాలు కనబడ్డాయి.

"ఫిల్ములు లేవమ్మా," అంది సూర్యప్రభ, దాదాపు వినపడకుండా. "ఇద్దరం చేసే పని ఒక్కదాన్నే చేస్తున్నాను. జనరేటర్ మీద మిషన్ నడవడమే గగనమైపోయింది. గీతలు చక్కగా ఉన్నాయి కదా, రేపు తీద్దాం, ఎల్లుండి తీద్దాం అనుకుని తీసినట్టు సంతకం పెట్టేశాను. తీసుంటే మొదటి వారంలోనే దొరికిపోయేది."

ప్రసన్న ఉదయం నుంచి ఈమెను కాపాడాలనే తాపత్రయపడింది.

"ఈ గీతలు తుడిచేయాలి," అంటూ సూర్యప్రభ ముందుగది తలుపుకు గడియ పెట్టొచ్చి దూదికి స్పిరిట్ తడిపింది.

"ఆయన్నే తుడువమను," అంది రాజమ్మ, బల్ల మీద పడుకునే.

చక్రపాణి దూది అందుకున్నాడు. పచ్చిచోటు తగలకుండా, ఊపిరి బిగబట్టి, ఒక్కో గీతనే తుడిచాడు. వంగపండు రంగు దూదిలోకి దిగింది. నడిమి గీత పోయింది. పక్క గీతలు పోయాయి.

చుక్కలు పోలేదు. మళ్లీ తుడిచాడు. ఆరు చుక్కలూ అలాగే ఉన్నాయి.

"ఏం గలిపినవయ్యా అందుల," అంది రాజమ్మ. ఆయన ఏడుస్తున్నాడు. ఆమె బంతిపూలున్న కుడిచెయ్యి ఎత్తి ఆయన మణికట్టు పట్టుకుంది. "ఇగ చాలు."

అప్పుడు వినబడింది డప్పు. ముందు గేటు దగ్గర, తర్వాత వరండాలో. చాలా కాళ్ల చప్పుడు. ముందుగదికి లోపలి నుంచి వేసుకున్న గడియ అదిరింది.

"ప్రసన్నా," బయటినుంచి భిక్షపతి గొంతు. "ఆ గుంటూరు మేడం లోపలున్నదా? జంగయ్యన్న అడుగుతున్నడు, తప్పెవరిది?"

సూర్యప్రభ రిజిస్టరును ఛాతీకి హత్తుకుంది. చక్రపాణి దూది పట్టుకున్న చెయ్యి గాలిలో ఆగిపోయింది. ఇద్దరూ ప్రసన్న వైపే చూస్తున్నారు. ఒక్క మాట చాలు. మామ పేరు చెబితే ఆ గుంపులో ఆయన తల ఎత్తలేడు. ఈమె పేరు చెబితే ఈమె ఈ గుమ్మం దాటలేదు.

ప్రసన్న ముందుగదిలోకి వచ్చి గడియ మీద చెయ్యి వేసింది.

"ఆగు బిడ్డా."

రాజమ్మ బల్ల దిగింది. దుప్పటి ఒంటికి చుట్టుకుని, ఎడమ చెయ్యి ఎడంగా పట్టుకుని, గోడ ఆసరాతో ఒక్కో అడుగే వేస్తూ వచ్చింది. కోడలి చెయ్యి గడియ మీద నుంచి తప్పించింది.

"కాలింది నా ఒళ్లు," అంది. "తలుపు నేను తీస్త."